ఇరవై ఆరు జవాబులు

1948 జూన్ 7, సోమవారం

ఈ నోటుబుక్కు మా వాడ బడి మూతపడ్డప్పుడు మిగిలింది. మొదటి నాలుగు పేజీల్లో పిల్లల హాజరు ఉంది. ఐదో పేజీ నుంచి నా భయం ఉంటుంది.

భయపడేవాడు రాసుకోవడం తెలివితక్కువ పని. దొరికితే నా చేతిరాతే నామీద సాక్ష్యం. కానీ భయాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. జానమ్మకు చెబితే అది రెండింతలై నా దగ్గరికే తిరిగి వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నేర్చుకున్న సంగతి అది. ప్రార్థనలో చెబుదామంటే నేను ఉపదేశిని, వాడ ఆరాధన నడిపేవాణ్ని, నలుగురికీ వినబడేలా చెయ్యాలి. ఉపదేశికి భయమేస్తోందని తెలిస్తే వాడలో పాతిక గడపలూ ఆ పూట అన్నం ముట్టవు.

నిన్న ఆరాధన ముగుస్తుండగా పోలీసు పటేలు గుడి కిటికీ దగ్గర ఆగాడు. గుడి అంటే నాలుగు మట్టిగోడలు, తాటాకు కప్పు, వెనక చాపలు పెట్టుకునే చిన్న అర్ర. అందరూ పోయాక నన్ను పిలిచాడు.

"ఏం ఉపదేశీ, మీ వాడల ఏ రాజును సంపుతున్నరు?"

"రాజు ఏంది పటేలా?"

"నువ్వు సదివితివి, ఆళ్లు జవాబు చెప్తిరి. గొప్ప రాజులను సంపినట్టు, ఆళ్ల భూములు మీకిచ్చినట్టు."

"అది పాతకాలం ముచ్చట. సీహోను, ఓగు అని ఇద్దరు రాజులు."

"ఆళ్లది ఏ ఊరు?"

"చాన దూరం, పటేలా. సముద్రం దాటాలె."

"ఎంత దూరమున్నా రాజు రాజే. నేను చెవిటోన్ని, నాకేం వినవడలే. కానీ రోడ్డు మీద క్యాంపుల పోలీసు అమీన్ సాబుకు చెవులు మంచిగున్నయ్."

అని, పొగాకు నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ కిటికీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అది నూట ముప్పై ఆరో కీర్తన. నేను చెప్పులు కుడుతూ, మిషన్ వాళ్లు పంచిన కాగితాల మీద అక్షరాలు దిద్దుకుని చదువు నేర్చినవాణ్ని. వాడలో మిగతావాళ్లకు అదీ లేదు. అందుకే మిషన్ దొర, ఇప్పుడు లేడు, సీమకు పోయి అక్కడే పోయాడు, మాకు ఈ కీర్తన ఏరి ఇచ్చాడు. చదివేవాడు ఒక మాట చదువుతాడు. మిగతావాళ్లంతా ప్రతి మాటకూ ఒకటే జవాబు చెబుతారు: ఆయన కృప నిరంతరముండును. ఇరవై ఆరు మాటలు, ఇరవై ఆరు జవాబులు. అక్షరం రానివాడికి కూడా పని ఉంటుంది.

లెక్క తప్పకుండా దొర ఒక ఉపాయం చెప్పాడు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముకుంటూ పోతే చేతికి పన్నెండు, రెండు చేతులకు ఇరవై నాలుగు. చివరికి రెండు బొటనవేళ్లు. ఇరవై ఆరు. మా వాడలో పాలు తాగే పిల్లకు కూడా తల్లి చేతి కణుపుల మీదనే ఈ కీర్తన వస్తుంది.

యూదులు కూడా ఇట్లాగే చెప్పుకుంటారని దొర అన్నాడు. వాళ్లు దీన్ని గొప్ప స్తుతి అంటారట. విశ్రాంతి దినాన పొద్దున్నే చదువుతారు, పస్కా పండుగనాడు భోజనం దగ్గర చదువుతారు. ప్రభువు కూడా ఆ చివరి భోజనం ముగించి, శిష్యులతో కలిసి కీర్తన పాడాకే కొండకు వెళ్లాడు. "ఇదే కీర్తననా అయ్యా?" అని అడిగాను. "ఇదీ ఉండొచ్చు, యోనా," అన్నాడు దొర. అప్పటి నుంచి నాకొక ఆలోచన. తెల్లారితే చంపుతారని తెలిసినవాడు కృప నిరంతరముండును అని అన్నిసార్లు అంటుంటే గొంతు వణికిందా? పుస్తకంలో రాయలేదు.

ఇంకొక కథ కూడా ఉంది. యెహోషాపాతు అనే రాజు యుద్ధానికి పోతూ, ఈ పల్లవి పాడేవాళ్లను సైన్యానికి ముందు నడిపించాడు. కత్తి ఉన్నవాడు వెనకాల, పాట ఉన్నవాడు ముందు. దొర దాన్ని విశ్వాసం అనేవాడు. నాకు మాత్రం ఆ పాటగాళ్ల మీద ఎప్పుడూ జాలే.

పదిహేడో మాట నుంచి ఇరవై రెండో మాట దాకా ఆరు మాటలున్నాయి. రాజులు చావడం, వాళ్ల భూమి లేనివాళ్లకు రావడం. మూడు నెలల కింద మా ఊరి భూస్వామి, గడీ దొర, పట్నం పారిపోయాడు. దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్లు ఆయన చెల్కను, ఆ మెట్ట భూమిని, మా వాడకు ఇంటికి రెండెకరాల లెక్కన పంచారు. ఇన్నేళ్లుగా ఆ ఆరు మాటలూ ఎక్కడో సముద్రం అవతల ఉండేవి. ఇప్పుడు నడిచి వచ్చి మా వాడలో కూర్చున్నాయి.

జూన్ 8

భిక్షపతి షోలాపూరులో ఉన్నాడు. బట్టల మిల్లులో పని. ఎవరడిగినా అదే చెబుతున్నాం కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను.

జూన్ 13, ఆదివారం

ఈ రోజు ఆ ఆరు మాటలు చదవలేదు.

గొంతు బాగాలేదు. పదహారు చదివి, దగ్గి, పేజీ తిప్పి ఇరవై మూడుకు పోయాను. చిట్టచివరి మాట చదివి పుస్తకం మూశాను. ఎవరూ లేవలేదు. అందరి చేతులూ గాలిలో అలాగే ఉన్నాయి.

అప్పుడు ఉప్పలమ్మ అందుకుంది. ఆమెకు డెబ్బై దాటాయి, చూపు పోయి పదేళ్లు. నేనొక్క మాటా చదవకుండానే ఆరుసార్లు జవాబు చెప్పింది. వాడంతా ఆమె వెంట చెప్పింది.

బయటికొచ్చాక అడిగాను. "ఏందక్కా గది? నేను పుస్తకం మూసినంక గూడ చెప్తివి?"

"నా చేతుల నాలుగు గనుపులు, రెండు బొటనవేళ్లు మిగిలిపాయె తమ్మీ. ఖాళీ చేతులతోటి ఇంటికెట్ల పోను?"

"నేను సదవని మాటకు జవాబెట్ల చెప్తరు?"

"నువ్వు సదవకుంటె ఆ మాట లేకుండ పోతదా?"

ముసలిదానికి ఏం చెప్పాలి! పటేలు కిటికీ దగ్గర అన్న మాట చెప్పాను. 

"గట్లనా. భయమైతాందా?"

"నాకు కాదు. మీ కోసం."

"ఊఁ," అంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు.

జూన్ 27, ఆదివారం

మొత్తానికి వాడ ఒప్పుకుంది. ఇరవై జవాబుల దగ్గర ఆగుతున్నారు. పుస్తకం మూసిన చప్పుడు వినగానే చేతులు దించుతున్నారు. పెద్దులు మాత్రం, మా వాడలో గోతులు తవ్వేదీ కళేబరాలు మోసేదీ వాడే, పోతూ పోతూ నా చెవిలో అన్నాడు: "తాతా, రాజులు మల్ల బతికిండ్రా?"

నవ్వాను. నవ్వకపోతే బాగుండేది కాదు.

జులై 12, సోమవారం

షోలాపూరు నుంచి భిక్షపతి వచ్చాడు.

రాయక తప్పదు, ఇంకెవరికి చెప్పను? షోలాపూరంటే నిజానికి ఇక్కడికి ఆరు కోసుల దూరంలో ఉన్న గుట్టలు. నా కొడుకు సంగంలో ఉన్నాడు, తుపాకి పట్టాడు, రెండు నెలలైంది. ఎడమకాలి పిక్కలోంచి గుండు దూసుకుపోయింది. పుండు చీము పట్టి ఒళ్లు కాలిపోతోంది. జొన్నచొప్ప బండిలో అడుగున వేసి తెచ్చారు. ఇంట్లో పెడితే మొదట ఇంట్లోనే వెతుకుతారు. గుడి వెనక అర్రలో చాపల మధ్య పడుకోబెట్టాం.

జానమ్మ వేపాకు నీళ్లతో కడుగుతుంటే వాడు పళ్లు బిగబట్టి నన్ను చూసి నవ్వాడు. "ఏం బాపూ, గట్ల బిగుసుకపోయినవ్? కాలు నాది."

జులై 15

జ్వరం కాస్త తగ్గింది. వాడు మాట్లాడుతున్నాడు. వాడికి మాటలు నా నుంచే వచ్చాయి, ధైర్యం తల్లి నుంచి.

"బాపూ, మా సంగపోళ్లు భూమి పంచుడు కొత్తగ కనిపెట్టినమని అనుకుంటరు. నేను చెప్పిన ఆళ్లకు. మా బాపు పుస్తకంల ఎప్పుడో ఉన్నది, ఆరు మాటలు, మా అవ్వ ఒళ్లె పండుకొని నేర్సుకున్న అని."

"ఊఁ," అన్నాను.

"గీ ఆదివారం అర్రల నుంచి వింట. లోపల్నే చెప్పుకుంట."

ఆ ఆరు మాటలు ఇప్పుడు చదవడం లేదని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. జానమ్మ గంజి తెచ్చింది, ఆ మాట అక్కడితో పోయింది. రేపు చెప్పొచ్చు.

జులై 17

చెప్పలేదు. జ్వరం మళ్లీ పెరిగింది. జ్వరంలో ఉన్నవాడితో ఏం మాట్లాడతాం? వాడు తుపాకి పట్టుకుని గుట్టల్లో తిరుగుతుంటే నేను ఆరు మాటలు నోటితో అనడానికి భయపడ్డానని చెప్పాలా? తర్వాత చూద్దాం.

జులై 18, ఆదివారం

 ఇది ఈ రోజే రాయాలి.

రెండో పాట పాడుతుండగా గుర్రం చప్పుడు వినబడింది. అమీన్, ఐదుగురు రజాకార్లు, ఒక ముసలి జమేదారు. రజాకార్లు గుడి చుట్టూ నిలబడ్డారు. అమీన్ లోపలికి వచ్చి, గుడిలో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"భిక్షపతి ఎక్కడ?"

"షోలాపూరుల, సాబ్. మిల్లుల."

"నీ కొడుకు ఫికర్ తర్వాత. రాజును చంపే పాట పాడుతరంట గదా మీరు. సునావ్."

"పాట కాదు సాబ్, దావీదు కీర్తనల పుస్తకంలది."

ముసలి జమేదారు ముందుకొచ్చాడు. "హుజూర్, జబూర్ అది. హజ్రత్ దావూద్ జబూర్."

"జబూర్ అయితే ఇంకా మంచిది. చదువు."

అర్ర తలుపు నా వెనక నాలుగు అడుగుల దూరంలో ఉంది. చదివాను. ఆకాశం చేశాడు, వాళ్లు జవాబు చెప్పారు. సూర్యుడు, చంద్రుడు. సముద్రం రెండుగా చీలింది. ప్రతి మాటకూ వాడంతా ఒక్క గొంతుతో జవాబు చెబుతోంది. అందరి గొంతుల కింద ఇంకొక గొంతు, సన్నగా, గోడ అవతల నుంచి. నాకు ఒక్కడికే వినబడుతోందనుకున్నాను. పదహారు అయింది. పేజీ తిప్పాను. ఆరు మాటలు దాటేశాను. అమీన్ తల ఊపుతూ వింటున్నాడు, పట్టుకోవడానికి ఏమీ లేదు. గట్టెక్కానని లోపల ఎంత సంబరం! చివరి మాట చదివి పుస్తకం మూశాను. వాడంతా చేతులు దించింది. గుడి నిశ్శబ్దం.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. జ్వరంలో, చీకటి అర్రలో, వాడు కణుపులు తడుముకుంటూ పడుకుని ఉన్నాడు. ఇరవై దగ్గర ఆగాలని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి చేతిలో ఇంకా ఆరు ఉన్నాయి.

గోడ అవతల "ఆయన..." అని గొంతు లేచింది.

ఆ మాట పూర్తి కాకముందే ఉప్పలమ్మ అందుకుంది. అంత గొంతు ఆ ఎండిన ఒంట్లో ఎక్కడ దాచిందో! "ఆయన కృప నిరంతరముండును!" కళ్లు లేవు కాబట్టి చెవులకు అన్నీ ముందు తెలుస్తాయి ఆమెకు. వెంటనే జానమ్మ, పెద్దులు, వాడంతా. రెండోసారి, మూడోసారి. పుస్తకం మూసి ఉంది, చదివేవాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు, జవాబులు మాత్రం కప్పు ఎగిరేలా. నేనూ కలిశాను. నా గొంతు నాకే తెలియలేదు. ఆరు. ఆగారు. గోడ అవతల కూడా ఆగింది.

అమీన్ లేచాడు. "ఏందిది? కితాబ్ బంద్ అయినంక ఎవరికి చెప్తున్నరు?"

ఉప్పలమ్మ తన రెండు చేతులూ వాడి మొహం వైపు చాచింది. "సదువు రాదు సారూ మాకు. గిగో గీ గనుపులే మా పుస్తకం. పంతులు ముసలోడైండు, నడుమ నడుమ మర్సిపోతడు. మేం మర్వం. చేతులు నిండేదాంక ఆగం."

రజాకార్లలో ఒకడు నవ్వాడు. అమీన్ నవ్వలేదు. "లోపల ఏముంది? దేఖో."

జమేదారు తలుపు తోశాడు. లోపల నిలబడ్డాడు. నేను ఎన్ని ఊపిరులు తీశానో చెప్పలేను, ఒక్కటీ తీయలేదేమో. బయటికొచ్చి తలుపు మళ్లీ దగ్గరికి వేశాడు.

"చాపలు హుజూర్. ఎలుకలు."

వాళ్లు వెళ్తుంటే జమేదారు నా పక్కన ఒక్క క్షణం ఆగి చెయ్యి చూపాడు. బొటనవేలు చూపుడువేలు కణుపు మీద ఉంది. "మేం గూడ అల్లా పేరు గిట్లనే లెక్కవెడ్తం, తాతా," అన్నాడు మెల్లగా. "కితాబ్ పూరా చదువుర్రి. సగం చదివితె గిట్లనే ఐతది."

జులై 19

ఏమీ తినబుద్ధి కాలేదు.

జులై 24

భిక్షపతి మళ్లీ షోలాపూరు పోయాడు. కుంటుతూ నడుస్తున్నాడు. పోయేముందు అడిగాడు: "బాపూ, ఆరు మాటలు ఎందుకు సదవలే?"

"గొంతు మంచిగ లేకుండె."

వాడు నా మొహం చూశాడు. నా చెయ్యి ఒకసారి నొక్కి నడిచాడు. కొడుకు తండ్రిని క్షమించడం చూడటం కంటే తిట్టించుకోవడం సుఖం.

సెప్టెంబర్ 15

మూసీ వంతెన దిక్కు నుంచి పెద్ద చప్పుడు. ఇంటి కప్పులోంచి మట్టి రాలింది. యూనియన్ సైన్యం వస్తోందట. ఎవరు ఎవరిని కాలుస్తున్నారో తెలియక వాడంతా గుడిలో కూర్చున్నాం.

సెప్టెంబర్ 19, ఆదివారం

నైజాం సర్కారు లొంగిపోయిందట. రోడ్డు మీద సైన్యం బండ్లు పోతున్నాయి, జనం చేతులూపుతున్నారు. ఈ రోజు ఆరు మాటలూ చదివాను. గొంతు బాగైంది. వాడంతా రెండు బొటనవేళ్లూ పైకెత్తి నవ్వింది. ఎంత ధైర్యవంతుణ్నయ్యానో! రాజు పడ్డాక రాజు పడ్డాడని చదివాను.

జమేదారు సంగతి అడిగాను. ఎవరికీ తెలియదు. ఆయన ఇంటి తలుపులు తెరిచి ఉన్నాయని, లోపల ఎవరూ లేరని ఒకడు చెప్పాడు. ఇంకా అడిగేవాణ్నే. చెప్పినవాడు, నైజాం మనిషి సంగతి నీకెందుకన్నట్టు నన్ను అదోలా చూశాడు. మానేశాను.

అక్టోబర్ 31, ఆదివారం

గడీ దొర వచ్చాడు. పట్నం పోయినప్పుడు షేర్వానీ, వచ్చినప్పుడు ఖద్దరు టోపీ. వెంట మిలిటరీ. చెల్క అంతా తిరిగి ఇవ్వాలని చాటింపు. ఇప్పుడు వెతుకుతున్నది సంగం వాళ్లను. రోడ్డు మీద అదే క్యాంపు, అవే గుడారాలు, జెండా మాత్రం వేరు.

దొర గుమాస్తా ఆరాధన మొదలు కాకముందే వచ్చి అదే కిటికీ దగ్గర నిలబడ్డాడు. గొంతు మళ్లీ పట్టేసింది. ఇరవై దగ్గర ఆపాను. ఉప్పలమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

నవంబర్ 22

షోలాపూరు నుంచి కబురు. తుపాకులు అప్పగిస్తే వదిలేస్తారంటున్నారు కదా, రమ్మను అని నేను చెప్పి పంపాను. వాడి జవాబు: "వాడకిచ్చిన చెల్క వాడకే ఉంటదని రాసిస్తే వస్తనని చెప్పుర్రి." జానమ్మ విని కళ్లు తుడుచుకుంది. అందులో సగం గర్వం. నాకు మొత్తం భయమే.

డిసెంబర్ 9, గురువారం

పొద్దున క్యాంపుకు పిలిచారు. రోడ్డు పక్కన మూడు శవాలు పెట్టారు, ఎవరెవరో గుర్తుపట్టాలట. గుమాస్తా నన్ను మూడోదాని దగ్గరికి తీసుకుపోయాడు.

"సూడు ఉపదేశీ. నీ కొడుకేనా? నీ కొడుకే ఐతే మీ వాడ మొత్తం ఆళ్ల మనుషులే అన్నట్టు. మొగోళ్లందరు క్యాంపుకు రావాలె."

మొహం సరిగా లేదు. ఎడమకాలి పిక్క మీద మానిన పుండు మచ్చ ఉంది. పిక్కల మీద మచ్చలు చాలామందికి ఉంటాయి.

"కాదు," అన్నాను. "నా కొడుకు షోలాపూరుల ఉన్నడు."

"మంచిగ సూడు."

"కాదు."

"ఒట్టేనా?"

"నాకు ఈ మనిషి ఎవరో తెల్వదు."

మూడుసార్లు. ప్రభువు ఎవరో తెలియదని ఆయన శిష్యుడు కూడా మూడుసార్లే అన్నాడు, ఆ కథ అందరికీ తెలుసు. ఈ ఏడు దాన్ని నేను చదవను.

గొయ్యి తవ్వడానికి వెట్టికి పెద్దులును పిలిచారు.

డిసెంబర్ 10

వాడు కాడు. వాడు ఇంకొంచెం పొడుగు.

జానమ్మ ఒకటే మాట అడిగింది. "చేతులు సూసినవా? సూస్తె తెలుస్తుండె. కుడిచేతి చిటికెనవేలు వంకరుంటది, నా లెక్కనే."

"సూడలే."

చూశాను.

డిసెంబర్ 11

మధ్యాహ్నం పెద్దులు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో పార ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ కొడుకు కాదంటివి గద తాతా."

"ఔ."

"కాకపోయినా బొంద లోతుగనే తీసిన. మీద రాళ్లు గూడ పెట్టిన." పార రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "ఒక్కటే. ప్రార్థన చేసెటోడు లేకపాయె. నాకు జవాబే వస్తది, మాటలు రావు. ఏం మాటకని చెప్పాలె జవాబు? ఊకెనే వచ్చిన."

పోయాడు. నేను అరుగు మీద కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా వాడలో ప్రతి చావుకూ నేనే మాటలు చదివాను. ఒక్క చావుకు చదవలేదు.

డిసెంబర్ 12, ఆదివారం

గుమాస్తా కిటికీ దగ్గర నిలబడ్డాడు. వెంట ఇద్దరు తుపాకులవాళ్లు. గుడిలో ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. జానమ్మ ఉప్పలమ్మ పక్కన కూర్చుంది.

పుస్తకం తెరిచాను.  మొదటి మాటకే గొంతు రెండుగా చీలింది. ప్రభువు గొంతు వణికిందా అని నలభై ఏళ్లుగా అనుకున్నాను కదా. ఇప్పుడు తెలిసింది. వణికే ఉంటుంది. అయినా పాడే ఉంటాడు.

పదహారు. పేజీ తిప్పే చోటుకు వచ్చాను. వాడంతా ఊపిరి బిగబట్టింది. దగ్గు వచ్చింది, నిజమైన దగ్గే, మింగాను. పదిహేడో మాట చదివాను. గొప్ప రాజులను.

జవాబు రాలేదు. భయపడ్డారేమో అనుకున్నాను. తలెత్తాను. అందరి కళ్లూ నామీదే ఉన్నాయి. తర్వాత వచ్చింది, అందరి దగ్గర నుంచీ ఒక్కసారి. సీహోను పేరు చదివాను. ఓగు పేరు చదివాను. భూమి చదివాను, కిటికీ వైపు చూడకుండా చదివాను. మనం దీనదశలో ఉన్నప్పుడు ఆయన జ్ఞాపకం చేసుకున్నాడని చదివాను. ఒక్కొక్క మాటా పెద్దులు తవ్విన గొయ్యి మీద ఒక్కొక్క పిడికెడు మట్టిలా వేస్తూ చదివాను. ఇరవై ఆరు. రెండు బొటనవేళ్లూ అయిపోయాయి. పుస్తకం మూశాను.

ఎవరూ లేవలేదు.

ఉప్పలమ్మ ఇంకొకసారి అంది. ఆయన కృప నిరంతరముండును. వాడంతా అంది. ఇరవై ఏడు.

"గది ఎవరిది?" అని కిటికీలోంచి గుమాస్తా అడిగాడు. "ఇరవై ఆరే గద మీ లెక్క?"

ఉప్పలమ్మ ఆ గొంతు వచ్చిన దిక్కుకు మొహం తిప్పింది.

"షోలాపూరుల ఉన్న పిలగానిది సారూ. ఈడ లేడు గద. ఆని బదులు మేం చెప్పినం."

వాడు ఏదో అనబోయాడు. లోపల పాతిక గడపల జనం కదలకుండా వాడినే చూస్తున్నారు. తుపాకులవాళ్లకు తెలుగు రాదు. వాళ్లలో ఒకడు నమస్కారం పెట్టే గుడి అనుకుని చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. గుమాస్తా కిటికీ దగ్గర నుంచి పక్కకు జరిగాడు. రేపు వస్తాడేమో. ఎల్లుండి వస్తాడేమో. చెవులు వాకిట్లోనే పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఒక సంగతి రాసి ఆపుతాను. ఇరవై ఏడో జవాబు చెప్పేటప్పుడు ఉప్పలమ్మకు కణుపులు మిగల్లేదు. రెండు చేతులూ నిండిపోయాయి. అప్పుడు ఆ గుడ్డి ముసలిది పక్కకు తడుముకుని, జానమ్మ కుడిచెయ్యి ఒళ్లోకి లాక్కుని, వంకరగా ఉండే ఆ చిటికెనవేలు మొదటి కణుపు మీద తన బొటనవేలు పెట్టింది. ఆరాధన అయిపోయాక కూడా తియ్యలేదు.

భిక్షపతి షోలాపూరులో ఉన్నాడు.